మబ్బు గీసిన చోట

ఆ శనివారం కూడా పది గంటలకే వెళ్లాను. బహ్రెయిన్‌లో, విమానాశ్రయం పక్కనున్న అరాద్‌లో ఆయన ఉండే బిల్డింగుకి లిఫ్టు లేదు. మూడో అంతస్తు ఎక్కి బెల్లు నొక్కాను. తలుపు పక్కన ఆయన తోలు చెప్పులు ఉన్నాయి. గోడకి ఆనించి ఒక నల్ల గొడుగు ఉంది. నేను ఆయన్ని ఎరిగిన తొమ్మిదేళ్లుగా ఆ గొడుగు అక్కడే ఉంది. వాన పడని ఊళ్లో గొడుగుతో ఏం పని అని అడగాలనుకుంటూనే ఎప్పుడూ అడగలేదు.

రెండోసారి నొక్కాను. ఆయన ఆలస్యం చేసే మనిషి కాదు. నేను అయిదు నిమిషాలు ముందు వెళితే తలుపు తీసి, గడియారం చూసి, "మీరు ఇంకా రాలేదు" అని నవ్వి లోపలికి పిలిచేవారు. ఆ రోజు తలుపు తెరుచుకోలేదు. మెట్ల మీద కూర్చున్నాను. చేతిలో రెండు అట్టల మధ్య ఆయన కొత్త పాట సాపు ప్రతి ఉంది. పైనుంచి ఒక విమానం దిగింది, మెట్ల కిటికీ అద్దం అదిరింది. కాసేపటికి ఇంకొకటి. కోల్డ్ స్టోర్ అని పిలిచే పక్క కిరాణా కొట్టుకి పాలకోసం వెళ్లి ఉంటారనుకున్నాను. చెప్పులు ఇక్కడే ఉన్నాయి గదా అని కూడా అనుకున్నాను. ఆ రెండు ఆలోచనలనీ పక్కపక్కన పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చుని, అప్పుడు కిందికి వెళ్లి వాచ్‌మన్‌ని పిలిచి తలుపు తీయించాను.

ఆయన కుర్చీలోనే ఉన్నారు. అంతకన్నా చెప్పను.

ఆయన జర్మన్. సంగీతం రాసేవారు, బడిలో పిల్లలకి సంగీతం చెప్పేవారు. నేను ఒక కాంట్రాక్టింగు కంపెనీలో ఏసీ డక్టుల డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. మాది కాకినాడ. సంగీతం చదవడం నాకు ఇప్పటికీ రాదు. అయినా తొమ్మిదేళ్లపాటు ఆయన రాసిన ప్రతి పాటనీ సాపు చేసి గీసింది నేనే.

అది మొదలైన ఏడాది నా భార్య పోయింది. ఇక్కడి ఆసుపత్రిలోనే పోయింది. నేనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ ఆమెని కాకినాడ తీసుకువెళ్లి, చేయవలసినవి చేసి, నెల తర్వాత సనాబిస్‌లోని మా ఫ్లాటుకి తిరిగి వచ్చాం. అమ్మాయి బడిలో క్వాయర్‌లో పాడేది. ప్రాక్టీసు అయ్యాక దాన్ని ఇంటికి తీసుకువచ్చే పని అంతకుముందు వాళ్ల అమ్మది. ఇప్పుడు నాది. అలా మొదటిరోజు వెళ్లి, సంగీతం గది చివర పిల్లల కుర్చీలో కూర్చున్నాను.

ఆయన పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉండేవి. పిల్లల చేతుల్లో ఉన్న జిరాక్సు కాగితాలు చూశాను. ఆయన పెన్సిలుతో రాసినవి, చెరిపి మళ్లీ రాసినవి, చెయ్యి తగిలి మసి అయినవి. స్వరాలు కూర్చే అయిదు గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలియలేదు. నా వృత్తిలో అలాంటి కాగితాన్ని సైటుకి పంపితే డక్టు వెళ్లి దూలానికి గుద్దుకుంటుంది. పిల్లలు వెళ్లాక దగ్గరికి వెళ్లి, ఇవి శుభ్రంగా గీసి ఇస్తాను అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ రోజుల్లో ఇంటికి వెళ్లాక చేతులకి పని ఉండేది కాదు.

"మీకు సంగీతం వచ్చా?" అని ఆయన అడిగారు.

"రాదు."

"మంచిది. వచ్చినవాళ్లు దిద్దుతారు."

ఇప్పుడు సంగీతం రాయడానికి కంప్యూటరు ప్రోగ్రాములు ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. ఆయనకి ముందే తెలుసు. రాసింది అది తిరిగి వాయించి వినిపిస్తుంది గనక ఆయనకి గిట్టదు. "దానికి అన్ని గొంతులూ ఒకటే" అనేవారు. నేను డక్టులు గీసే సాఫ్ట్‌వేర్‌లోనే అయిదు గీతలు గీసి, చుక్కలు పెట్టి, తోకలు తగిలించాను. ఆ చుక్కలు చూసి ఆయన, "నా స్వరాలు ఇంత గుండ్రంగా ఉండటానికి తగినవి కావు" అన్నారు.

ఆ మొదటి పాటలోనే పొరపాటు చేశాను.

మేము కాకినాడలో ఉన్న నెలలో క్వాయర్‌లో ఒక కుర్రాడి గొంతు మారిందట. అతని కోసం ఆయన పాట నడుమ ఎనిమిది గడులు, అంటే నిలువు గీతల మధ్య ముక్కలు, మార్చి రాశారు. మారిన చోటు ఇదీ అని నాకు వేలితో చూపించారు. మా పనిలో ఒక ఆచారం ఉంది. డ్రాయింగులో ఏదైనా మారితే, మారిన భాగం చుట్టూ చిన్న చిన్న వంపులతో మబ్బు ఆకారంలో ఒక గీత గీస్తాం. పక్కన చిన్న త్రికోణం, అందులో ఎన్నో మార్పో చెప్పే అంకె. సైటులో మేస్త్రీ ఆ మబ్బు చూడగానే పాతది వదిలి ఇక్కడ కొత్తది చూడాలని తెలుసుకుంటాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఆ ఎనిమిది గడుల చుట్టూ కూడా మబ్బు గీసి, త్రికోణంలో ఒకటి అంకె వేసి ఇచ్చాను. ఆయన స్వరాలు మాత్రమే సరిచూసి జిరాక్సుకి పంపించారు.

తర్వాతి వారం వెనక కుర్చీలో కూర్చుని విన్నాను. పిల్లలు పాడుతూ ఆ చోటికి వచ్చారు. పాట ఒక్కసారి తగ్గిపోయింది. నలభై గొంతులూ పక్క గదిలోకి వెళ్లి పాడినట్టు వినిపించింది. మబ్బు దాటగానే మళ్లీ మామూలుగా పైకి వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. ఇక్కడ మెల్లగా పాడమని ఎవరు చెప్పారని అడిగారు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల, "మబ్బుంది సార్" అంది.

ఆయన కాగితం చూశారు. తర్వాత తల ఎత్తి గది చివర నన్ను చూశారు. తర్వాత పిల్లల్ని చూశారు. "సరే. మళ్లీ మొదటినుంచి. మబ్బు దగ్గర ఇలాగే" అన్నారు.

శనివారం వెళ్లి క్షమాపణ చెప్పి, ఆ మబ్బు తీసేస్తానన్నాను. వద్దన్నారు. "నా దగ్గర దీనికి గుర్తు లేదు. మీరు మాత్రం ఇక గీయకండి. కావలసినచోట నేను గీస్తాను." ఆ తర్వాత ఆయన పెన్సిలు ప్రతుల్లో అప్పుడప్పుడు మబ్బు కనిపించేది. నాలుగు గడుల చుట్టూ ఒకసారి, రెండు గడుల చుట్టూ ఒకసారి. త్రికోణం ఉండేది కాదు. నేను దాన్ని ఉన్నది ఉన్నట్టు గీసేవాణ్ని. పిల్లల అపోహ ఒక గుర్తుగా నిలిచిపోయిందని, అది ఆయనకి నా మీద ఉన్న చిన్న వేళాకోళమని అనుకుంటూ వచ్చాను.

ఆయన పద్ధతి ఇంకొకటి చెప్పాలి. సెప్టెంబరులో బడి తెరిచాక మొదటి రెండు వారాలు ఆయన ఏ పాటా నేర్పేవారు కాదు. ఒక్కొక్కరినీ పియానో పక్కన నిలబెట్టి, గొంతు ఎంత కిందికి దిగుతుందో, ఎంత పైకి పోతుందో, ఎక్కడ వణుకుతుందో ఒక చిన్న అట్టముక్క మీద రాసుకునేవారు. ఆ అట్టలు ఒక పెట్టెలో వరసగా పెట్టుకుని, ఆ ఏడు ఉన్న గొంతులకి సరిపడేలా పాట రాసేవారు. వేసవి సెలవులకి ముందు బడి సభలో పిల్లలు పాడేవారు. ఆ తర్వాత ఆ పాటని మళ్లీ పాడించేవారు కాదు. "కొలత తీసి కుట్టిన చొక్కా అది. ఆ పిల్లలు పెరిగిపోయారు" అనేవారు.

నేను సాపు ప్రతి తీసుకువెళ్లగానే కిటికీ దగ్గర కూర్చుని చుక్క చుక్కా సరిచూసేవారు. సరిగ్గా ఉంటే కింద కుడిమూల పెన్సిలుతో ఒక టిక్కు. ఆ వెంటనే తన ప్రతిని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసేవారు. నాకు మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. ఒక పనికి రెండు డ్రాయింగులు ఉంటే మేస్త్రీ కచ్చితంగా పాతదే చూస్తాడని నేనే ఎప్పుడో అన్నాను. ఆ మాట నాకే తిరిగి చెప్పేవారు. అలా మిగిలినవి నా ప్రతులు మాత్రమే.

ఆ శనివారాల్లో మేము మాట్లాడుకున్నది తక్కువ. ఆయన టీ పెట్టేవారు. నేను తాగేవాణ్ని. సరిచూడటం అయ్యాక ఒక్కోసారి పియానో ముందు కూర్చుని, నేను గీసినదాన్ని వాయించేవారు. నేను గీసింది ఇదా అని ఆశ్చర్యంగా ఉండేది. మా అమ్మాయి ఇంటర్ అయిపోయి చదువుకి ఇండియా వెళ్లిపోయాక వారంలో నాతో ఆఫీసు పని కాక వేరే మాట మాట్లాడింది ఆయన ఒక్కరే. నేను ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాణ్ని. ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకుని, "ఇది బాగుంది, ఇందులో సంగీతం ఎంతో బడి ఎంతో తెలియదు" అన్నారు.

ఆయన గతం గురించి నాకు తెలిసింది ఒక్క మధ్యాహ్నం చెప్పినదే. జనవరిలో ఒక శుక్రవారం, ఎందుకో సముద్రం చూద్దామన్నారు. నా కారులో జల్లాఖ్ వెళ్లాం. గాలి చల్లగా ఉంది, నీళ్లు లోతు లేకుండా చాలా దూరం వెనక్కి వెళ్లి ఉన్నాయి. రిసార్టుల కంచె దాటాక ఒక రాతిమీద కూర్చున్నాం. ఒక నది పక్క చిన్న ఊళ్లో, రొట్టెల దుకాణం మీద అద్దె ఇంట్లో పెరిగానని చెప్పారు. తండ్రి రైల్వేలో గుమాస్తా. సంగీతం చదవడానికి పెద్ద ఊరు వెళ్లారు. ముప్పై ఏళ్లకి పెద్ద ఆర్కెస్ట్రా కోసం ఒక రచన చేశారు, రెండేళ్లు పట్టింది. దాన్ని ఒక్కసారి వాయించారు.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"నేను రాసింది రాసినట్టే వాయించారు. అప్పుడు తెలిసింది, అందులో ఎవరూ లేరని."

నాకు అర్థం కాలేదు. ఆయనే మళ్లీ అన్నారు. "చాలా స్వరాలు ఉన్నాయి. కానీ ఏదీ ఒక మనిషి కోసం రాసింది కాదు. అయిపోయాక మా నాన్న వచ్చి, సోమవారం పని ఎన్ని గంటలకి అని అడిగారు. ఆ సోమవారమే నేను బడిలో చేరాను. బతకడానికి చేరాను. ఒక ఏడాది అనుకున్నాను."

ముప్పై ఏడేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పారు. మొదట అక్కడ, తర్వాత ఇక్కడ. పెళ్లి గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నీళ్లు మెల్లగా ముందుకి రావడం మొదలుపెట్టాక లేచి వచ్చేశాం. ఆయన బూట్లలో ఇసుక నా కారులో చాలా రోజులు ఉంది.

ఆసుపత్రిలో ఒక ఫారం ఇచ్చారు. చూసి కబురు చెప్పిన మనిషి పేరు, సంబంధం. బడి నుంచి వచ్చిన ఆఫీసరు పక్కన నిలబడి, "ఫ్రెండ్ అని రాసేయండి" అన్నాడు. ఆ మాట మేము ఎప్పుడూ అనుకోలేదు. ఆయన ఉండగా అనుకోని మాటని ఆయన లేనప్పుడు రాయడానికి చెయ్యి రాలేదు. ఆ గడి వదిలేసి సంతకం చేశాను. ఆఫీసరు నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే ఏదో రాశాడు.

ఆయన కోరిక ప్రకారం ఇక్కడే క్రైస్తవుల శ్మశానంలో పెట్టారు. పొద్దున్నే, చలిగా ఉంది. టీచర్లు నలుగురు, పిల్లలు కొందరు, నేను. పిల్లలు పాడతారనుకున్నాను. ఏ పాట పాడాలో ఎవరికీ తెలియలేదు. పాతవి ఆయన మళ్లీ పాడించలేదు, కొత్తది ఇంకా నేర్పలేదు. ఆ కొత్తది నా అట్టల మధ్యే ఉంది. అందరూ ఊరికే నిలబడి వెళ్లిపోయారు.

ఫ్లాటు ఖాళీ చేయమన్నారు. ఆయన చెల్లెలు జర్మనీ నుంచి ఈ-మెయిలు పంపింది. ఆవిడ పెద్దావిడ, ప్రయాణం చేయగలిగే స్థితిలో లేదు. పియానో బడికి ఇవ్వమంది, బట్టలు ఎవరికైనా ఇమ్మంది, కాగితాల్లో ఒక పేజీ నమూనాకి పంపి, మిగతావి నన్ను దాచమంది. మా కంపెనీలో ఫోర్‌మన్‌గా చేసే జగిత్యాల మనిషి ఒకతను పికప్ తీసుకుని సాయం వచ్చాడు. మూడు అంతస్తులు రెండుసార్లు దిగి ఎక్కాక మెట్ల మీద కూలబడ్డాడు.

"గాయన మీకేమైతడు సార్?"

"ఏమీ కాడు."

"ఏం గాకపాయె గని, గిన్ని కాయితాలు మోస్తుండ్రు. మా సొంత బావ సామాను గుడ నేను గిట్ల మొయ్యలే." నీళ్ల సీసా మూత తిప్పుతూ డబ్బాలోకి తొంగి చూశాడు. "ఇవేంది, చుక్కలు?"

"పాటలు."

"మీరే గీసిండ్రా? మీ డక్టుల లెక్కనే ఉన్నయ్ గదా." కొంచెంసేపు చూసి, "గీ క్లౌడ్ ఏంది సార్, రివిజన్ నంబర్ ఏస్తలేరు? సైట్ల గిట్ల ఇస్తే కన్సల్టెంట్ మొకం మీద కొడ్తడు" అన్నాడు.

"అది వేరే."

"ఏరేనా. సరే. యల్లా, పోదాం సార్, ఎండ ముదురుతాంది." గొడుగు కూడా అతనే తీసి డబ్బా మీద అడ్డంగా పెట్టాడు.

నెల తర్వాత చెల్లెలుగారి దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. వాళ్ల అన్నయ్య మొదట పనిచేసిన బడిలో ఇప్పుడూ పిల్లల క్వాయర్ ఉందట. ఆ బడివాళ్లు బహ్రెయిన్‌లో రాసిన పాటలన్నీ ఒక పుస్తకంగా అచ్చువేసి పాడిస్తామన్నారట. "మా అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడు కాదు. కానీ చెల్లెలి మాట కాదనడానికి ఇప్పుడు తను లేడు" అని రాసింది. సాపు ప్రతులన్నీ పంపమంది. చివర్లో, "నమూనాకి మీరు పంపిన పేజీలో ఒక మబ్బులాంటిది ఉంది. అది ఏమిటి? అచ్చువేసేవాళ్లు అడుగుతున్నారు, ఉంచాలా తీసేయాలా?" అని ఉంది. పదిహేను రోజుల్లో చెప్పమంది.

ఆయన స్థానంలో వచ్చిన కొత్త టీచరుకి చూపించాను. లెబనాన్ ఆవిడ, మర్యాదస్తురాలు. పాటలన్నీ తిరగేసి, చాలా బాగున్నాయంది. మబ్బుల గురించి మాత్రం, "సంగీతంలో ఇలాంటి గుర్తు లేదు. మెల్లగా పాడమనడానికి ఒక అక్షరం ఉంది, అది పెడితే చాలు. ఇది అలంకారంలా ఉంది. అక్కడివాళ్లు నవ్వుతారు" అంది.

అలంకారం అన్న మాట నన్ను పట్టుకుంది. అవసరం లేని గీత నేను ఏ కాగితం మీదా గీయను. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నా అలవాటు, పిల్లల పొరపాటు, ఆయన సరదా. ముగ్గురు చేసిన తప్పుని పోయిన మనిషి పేరుతో అచ్చువేయడం అబద్ధం అవుతుందనిపించింది. తీసేస్తే, ఆ కాగితాల్లో మేమిద్దరం కలిసి ఉన్న ఒకే ఒక్క చోటు పోతుంది. నేను దేనికి వెనకాడుతున్నానో నాకే తెలియలేదు. పాటకోసమా, నాకోసమా? రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఫైలు తెరిచేవాణ్ని. మొదటి పాటలో మబ్బు మీద క్లిక్ చేసేవాణ్ని. డిలీట్ నొక్కకుండా మూసేసేవాణ్ని. పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు మా అమ్మాయికి ఆ పేజీ పంపి ఫోన్ చేశాను. అది ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తోంది. సంగీతం చదవడం దానికి వచ్చు. మబ్బు తీసేసి, ఆ అక్షరం పెడితే పాట ఏమైనా చెడుతుందా అని అడిగాను.

"ఎందుకు తీస్తావు నాన్నా?"

"అది నా పొరపాటు కదమ్మా. మీరేమో మబ్బు చూసి మెల్లగా పాడాలనుకున్నారు. మాస్టారు సరదాపడి ఉంచేశారు."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"తొమ్మిదో క్లాసు వాళ్లం మబ్బు బొమ్మ చూసి మెల్లగా పాడతామా నాన్నా? మేమేమన్నా ఎల్‌కేజీనా?"

"మరి?"

"ఇంట్లో డైనింగ్ టేబుల్ నిండా నీ డ్రాయింగులే గదా. అన్నం తినాలంటే వాటిని జరుపుకోవాలి. మబ్బంటే ఏంటో నాకు తెలీదా? ఇక్కడ మారింది, చూసుకో అని. మారింది. మనం కాకినాడలో ఉన్నప్పుడు మారింది. అందరికీ వచ్చు, నాకొక్కదానికే రాదు. అక్కడికి రాగానే గొంతు దించేశాను. అంతే."

"మిగతావాళ్లు?"

"నా పక్కన ఆరుగురూ నా గొంతుని పట్టుకుని పాడేవాళ్లు. నేను తగ్గితే వాళ్లు తగ్గారు. వాళ్లు తగ్గారని మొత్తం తగ్గింది. సార్ ఆపి, ఎవరు చెప్పారని అడిగేసరికి నేను కాగితం వెనక మొహం దాచుకున్నాను. అప్పుడు ఆ చిన్నది మబ్బుంది అంది. నువ్వు వెనకాల నవ్వావు."

"నవ్వానా?"

"గట్టిగా నాన్నా. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను. అమ్మ పోయాక నువ్వు నవ్వడం అదే మొదలు."

నాకు ఆ నవ్వు గుర్తులేదు. ఇప్పటికీ లేదు.

"క్లాసు అయ్యాక నువ్వు కారు తేవడానికి వెళ్లినప్పుడు సార్ నన్ను ఉండమన్నారు. ఆ గడులు నీకు రావు కదా అన్నారు. రావన్నాను. వచ్చే వారానికి నేర్చుకో, కానీ అక్కడ అందరూ ఎప్పుడూ ఇలాగే పాడతారు అన్నారు. మీ నాన్నకి చెప్పనా అని ఆయనే అడిగారు. వద్దన్నాను. నువ్వు మబ్బు వల్లే అనుకుని నవ్వావు, అసలు కారణం నేనని తెలిస్తే బాగోదనిపించింది. ఆయన కొంచెం ఆలోచించి, సరే, అయితే మబ్బే, అన్నారు."

"నువ్వు ఎప్పుడూ చెప్పలేదు."

"ఇన్నేళ్లలో ఎప్పుడో ఆయనే చెప్పారేమో అనుకున్నాను. ఆయన నేను చెప్పాననుకుని ఉంటారు. ఇంతకీ భోంచేశావా?"

చేశానన్నాను. చేయలేదు.

ఫోన్ పెట్టేశాక, డబ్బాల్లోంచి అట్టల పెట్టె తీశాను. తొమ్మిదేళ్ల అట్టలు, ఏడాదికో కట్ట, రబ్బరు బ్యాండు వేసి. రాసింది జర్మన్‌లో. నేను చదవలేను. కానీ మొదటి కట్టలో మా అమ్మాయి అట్ట దొరికింది. పై మూల, గోరంత మబ్బు గీసి ఉంది. తర్వాతి కట్టలు విప్పాను. చాలా కట్టల్లో ఒక్క అట్ట, ఒక్కోసారి రెండు, మూలన అలాగే మబ్బు. పేర్ల పక్కన ప్రాక్టీసుకి వచ్చిన తేదీలు ఉన్నాయి, అవి చదవగలిగాను. ఒక పిల్లవాడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా లేడు. ఒక అమ్మాయి అందరికన్నా ఆలస్యంగా, ఫిబ్రవరిలో చేరింది. ఒకరి పేరు పక్కన ఒకే వారం ఖాళీ ఉంది. ఆ వారంలో ఏం జరిగిందో నాకు తెలియదు. ఏ ఏడాది ఏ పాటలో మబ్బు ఎన్ని గడుల చుట్టూ ఉందో నా ఫైళ్లలో ఉంది. నేల మీద కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఈ ఏటిది పక్కన పెడితే, పాటలో మబ్బున్న ప్రతి ఏడాదీ ఆ కట్టలోనూ మబ్బున్న అట్ట ఉంది.

తొమ్మిదేళ్లు ప్రతి శనివారం ఎదురుగా కూర్చుని టీ తాగాను. నేను ఒక వేళాకోళాన్ని సాపు చేస్తున్నాననుకున్నాను. ఆయన అది నిజమని నన్ను అనుకోనిచ్చారు. నిజం చెబితే మా అమ్మాయికి ఇచ్చిన మాట పోతుంది, నా నవ్వుకి కారణమూ పోతుంది; ఆయనకి వేరే మార్గం లేదు.

చివరి పాట, ఆ శనివారం నేను తీసుకువెళ్లినది, మిగిలింది. అందులో ముగింపు దగ్గర అయిదు గడుల చుట్టూ మబ్బు ఉంది. ఈ ఏటి కట్టలో అట్టలన్నీ రెండుసార్లు చూశాను. ఏ మూలనా మబ్బు లేదు. అది ఎవరికోసమో తెలియదు. గీసి, అట్టమీద వేయడం మరిచిపోయి ఉండవచ్చు. అడగడానికి ఎవరూ లేరు. ఉన్నది ఉన్నట్టు ఉంచాను.

మొదటి పాటలో మబ్బు పక్కన నేను పెట్టిన త్రికోణం, అందులోని ఒకటి అంకె తీసేశాను. ఆ రెండే నా తప్పు. మబ్బులన్నీ ఉంచాను.

మా డ్రాయింగుల్లో ఒక పక్క లెజెండ్ అని చిన్న పెట్టె ఉంటుంది. కాగితం మీద వాడిన గుర్తులకి అర్థం అందులో రాస్తాం. ఒక గుర్తు, ఎదురుగా ఒక వాక్యం. పుస్తకం మొదట్లో పెట్టడానికి అలాంటి పేజీ ఒకటి తయారుచేశాను. మబ్బు గీశాను. ఎదురుగా వాక్యం రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మొదట ఆయన గురించి రాశాను, పొడుగైంది. తర్వాత మా అమ్మాయి గురించి రాశాను, అది అక్కడి పిల్లలకి అక్కరలేనిది. మెల్లగా పాడాలి అని రాసి చూశాను. అది నిజమే, కానీ కొత్త టీచరు చెప్పిన అక్షరమూ అదే చెబుతుంది. చివరికి ఇంగ్లీషులో ఒక్క వాక్యం మిగిలింది. తెలుగులో చెబితే ఇది: ఈ గుర్తు ఉన్నచోట, పాట వచ్చినవాళ్లు రానివాళ్ల కంటే గట్టిగా పాడకూడదు.

శనివారం పొద్దున ఆ పేజీని ప్రింటు తీసి కిటికీ దగ్గర పెట్టుకుని, చుక్క చుక్కా కాకపోయినా అక్షరం అక్షరం చూశాను. కింద కుడిమూల తెల్లగా ఉంది. పక్కనే పెన్సిలు ఉంది. మా పనిలో, గీసినవాడు తను గీసినదాన్ని తనే సరిచూసినట్టు గుర్తు పెట్టకూడదు. సరిచూసిన గుర్తు లేని కాగితం సైటుకి పంపనూ కూడదు. ముప్పై ఏళ్లలో నేను ఒక్కటీ అలా పంపలేదు.

పది గంటలకి, ఆ మూల అలాగే ఖాళీగా ఉంచి, పంపించాను.